పలకలు నీళ్ళు తాగే రోజు

దూదిని తొడ మీద పురిపెట్టి, పడవ చెక్క పలకల మధ్య సందులోకి వేలితో దోపి, మొద్దు ఉలి ఆనించి, చెక్క సుత్తితో మెల్లగా రెండు తట్లు తట్టాడు ఓరిన్ వెంట్జెల్. ఇంకో తట్టు వేయలేదు. అక్కడ చెయ్యి ఆపుకోవడం నేర్చుకోవడానికి అతనికి సగం జీవితం పట్టింది. పైన లప్పం పూసి, బొటనవేలితో సాపు చేసి, మోకాళ్ళ మీద పక్క సందు దగ్గరికి జరిగాడు.

తెరచాప పడవ పేరు ఈడిత్. పాత యజమాని పెట్టిన పేరు. పడవకి పేరు మారిస్తే అరిష్టమని ఓరిన్ మార్చలేదు. "ఎవర్తె ఆ ఈడిత్?" అని భార్య లూయెలా కాపురం చేసినన్నాళ్ళూ దెప్పింది. దెప్పుతూనే తెరచాపలు కుట్టిపెట్టింది.

కెనడాలోని నోవా స్కోషియాలో ఆ తీరం వెంట చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు ఓరిన్. వేసవిలో అవే రోడ్ల గుంతలు పూడ్చేవాడు. రోడ్డు బాగుంటే దాన్ని బాగుచేసినవాడు ఎవరికి గుర్తుంటాడు? ఊళ్ళో అతన్ని ఎవరూ పొగడలేదు, తిట్టనూ లేదు. అతని బతుకంతా వెతకాలంటే ఈ పడవలోనే వెతకాలి. డెక్కు మీది అతుకు లూయెలా వంటింటి నేల మీంచి పీకి పారేసిన లినోలియం పరుపు. చుక్కాని పిడి మామగారి గొడ్డలి కామ. లోపల ఒకచోట విరిగిన అడ్డబద్దల పక్కన కొత్త బద్దలు జంటగా బిగించి ఉన్నాయి. అది కుర్రతనపు పని. ఎండిన పడవకి సందులన్నీ దూదితో దట్టంగా కుక్కేసి, చుక్క నీరు రాలేదని ఊరంతా చెప్పుకు తిరిగాడు. పలకలు నీళ్ళు తాగి ఉబ్బాయి. ఉబ్బడానికి చోటు లేక బద్దల్ని విరిచేశాయి.

లూయెలా మంచం పట్టిన మూడు వేసవులూ పడవ ఒడ్డునే ఉండిపోయింది. పలకలు కుంచించుకుపోయి, లోపల కూర్చుంటే సందుల్లోంచి అవతలి రేవు కనిపించేది. నిరుటి ఆకురాలు కాలంలో ఆమె పోయింది. మంచు కరిగినప్పటి నుంచి ఓరిన్‌కి పడవ కిందే మకాం.

పడవల యార్డు నడిపే వెర్నా కాఫీ కప్పుతో వచ్చి నిలబడింది. యార్డు అమ్ముడైపోయింది. ఒడ్డున మిగిలిన పడవల్ని రేపు రంపాలతో కోసేస్తారు.

"ఓరిన్ అన్నా, సాయంత్రం క్రేన్ వెళ్ళిపోతుంది. లంగరు దగ్గర కరెంటుండదు, పంపుండదు. దానంతటది తేలితేనే క్రేన్ పట్టీలు విప్పుతాను. లేదంటే నా చేతిలో ఏం లేదు."

"తేలుద్దిలే."

"జల్లెడ కూడా అలాగే అనుకుంటుంది."

పట్టీలతో ఎత్తి నీళ్ళలో దించారు. ప్రతి సందూ కారింది. ఓరిన్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బకెట్‌తో తోడసాగాడు. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి బరువుగానే ఉంది. పని వల్లేననుకున్నాడు.

మధ్యాహ్నం బావమరిది ఎల్‌రాయ్ గిన్నె పట్టుకొచ్చాడు. ఉప్పుచేప, ఉడికించిన బంగాళాదుంపలు, పైన వేయించిన పంది కొవ్వు.

"బావా, ఇంతకీ నీకు ఈతొచ్చా?"

"రాదు."

"మా అక్క చూస్తే పడీ పడీ నవ్వేది." ఎల్‌రాయ్ నవ్వు ఆపి లోపలికి తొంగిచూశాడు. "క్రేన్ ఇక్కడే ఉందిగా. పైకి లేపించి సందులన్నీ గట్టిగా కుక్కేద్దాం. నేనూ ఓ చెయ్యేస్తా."

"అలా కుక్కితే సాయంత్రానికి తేలుద్ది. రెండ్రోజులకి బద్దలు విరుగుతై."

"అప్పటి సంగతి అప్పుడు. ముందు రంపం తప్పాలిగా."

ఓరిన్ చెయ్యి సుత్తి వైపు వెళ్ళింది కూడా. ఈ పడవ పోతే ఇంట్లో కూర్చోవాలి, ఆ ఇంట్లో లూయెలా లేదు. అతనికి భయం వేసింది. కాసేపు సుత్తిని చేతిలో ఉంచుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు.

"పలకల్ని తాగనీరా. మూణ్ణాలుగేళ్ళ దాహం."

ఎల్‌రాయ్ ఇంకో బకెట్ తెచ్చుకున్నాడు. ఎండ వాలేసరికి పలకలు ఉబ్బి, బకెట్లు నిండడం మానేశాయి. ఎల్‌రాయ్ తన చిన్న పడవ తేవడానికి వెళ్ళాడు, ఈడిత్‌ని లంగరు దాకా లాగాలి కదా. ఓరిన్ కాఫీ డబ్బాతో తోడాడు. డబ్బాకి కూడా నీరు అందనప్పుడు అడుక్కి వంగి స్పాంజితో అద్ది, బయటికి పిండాడు.

వెర్నా పట్టీలు వదులు చేయించింది. పడవ కొంచెం దిగి, తన బరువు తాను మోసుకుని నిలబడింది. "టీ పెట్టాను, రా," అని కేకేసింది. అతను వెనక బల్ల మీద ఆనుకుని కూర్చుంటూ చెయ్యి ఊపాడు. ఆమె పట్టీలు విప్పించి, క్రేన్ వాళ్ళకి లెక్క చెప్పడానికి వెళ్ళింది.

ఎల్‌రాయ్ పడవ నడుపుకుంటూ వచ్చేసరికి మంచుపొగ రేవులోకి దిగుతోంది. ఓరిన్ అలాగే కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచి, ఎల్‌రాయ్ ఈడిత్‌లోకి ఎక్కాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. బావ కళ్ళు మూసి, పక్కన కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత ఎప్పటికో, పడవలో నీరు ఎంత చేరిందోనని అలవాటుగా అడుక్కి చెయ్యి పెట్టాడు. చేతికి అడుగున పడున్న స్పాంజి తగిలింది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పిండాడు. ఒక్క చుక్క రాలేదు.