నామినేషన్ రోజు కదలని కారు

నేను ఒక కాపలాదారుణ్ణి. లాఠీ లేదు, ఈల లేదు, జీతం అసలే లేదు. కారు స్టీరింగు కింద, మనిషి మోకాలికి జానెడు దూరంలో బిగించిన నల్ల డబ్బాను. కారుతో పాటే కంపెనీలో పుట్టాను. నా ఉద్యోగం ఒక్కటే. తాళంచెవి తలకాయలో బియ్యపు గింజంత చిప్పు ఒకటుంటుంది. చెవి తిప్పగానే దాన్ని "ఎవరు నువ్వు?" అని అడుగుతాను. సరైన జవాబు వస్తే ఇంజనుకు సరే అంటాను. రాకపోతే పెట్రోలు చుక్క కదలనివ్వను. మీటర్ల పక్కన తాళంచెవి బొమ్మ ఉన్న ఎర్ర దీపాన్ని మిణుకుమిణుకుమనిపిస్తాను. సిఫారసులు వినను. నన్ను దొంగల కోసం పెట్టారు గానీ, నా సర్వీసంతటిలో ఒక్క దొంగా ఇటు తొంగిచూడలేదు.

నా మొదటి యజమాని కాకినాడలో బ్యాంకు మేనేజరు. రెండో తాళంచెవిని ఎంత భద్రంగా దాచాడంటే, ఆరేళ్ల తర్వాత కారు అమ్మేటప్పుడు అదెక్కడుందో ఆయనకే తెలియలేదు. అలా ఒకే ఒక్క చెవితో చినదొడ్డిపాలెం వీర్రాజు చేతికి వచ్చాను.

ఆ ఏడాది ఆ ఊరి సర్పంచి పదవిని ఆడవాళ్లకు కేటాయించారు. వీర్రాజు ఏమీ కంగారు పడలేదు. భార్య నూకరత్నం పేరు మీద తాను పోటీ చేస్తున్నానని ఊరంతా చెప్పుకున్నాడు. ఫ్లెక్సీలో తన బొమ్మ నిలువెత్తున వేయించాడు. ఆమె బొమ్మ ఒక మూలన, పెళ్లి ఫొటోలోంచి కత్తిరించింది. ఆమె పదో తరగతి పాసయిందనీ, పదేళ్లుగా డ్వాక్రా సంఘాన్ని నడుపుతోందనీ రాయడానికి అందులో చోటు చాల్లేదు.

నామినేషన్లకు మూడు రోజులు గడువిస్తే, వీర్రాజు సిద్ధాంతిని అడిగి ఆఖరి రోజు మధ్యాహ్నం రెండుంబావుకు ముహూర్తం పెట్టించుకున్నాడు. ఐదింటికి గడువు ముగుస్తుంది. ఊరేగింపులో తళతళలాడాలని ముందు రోజే బజారులో తాళంచెవికి బంగారు రంగు కవరు కొన్నాడు. దాని మీద సింహం తల. పాత కవరులోంచి ఇనుప చెవిని ఊడబెరికి కొత్తదాంట్లో బిగించి, పాతదాన్ని మురిక్కాలవలోకి గిరాటేశాడు. చిప్పు ఆ పాత కవరులోనే ఉండిపోయింది.

ముహూర్తం వచ్చింది. ముందు మోటార్‌సైకిళ్లు, వెనక టపాకాయలు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీర్రాజు స్టీరింగు ముందు కూర్చుని సింహాన్ని తిప్పాడు.

"ఎవరు నువ్వు?" అన్నాను. సింహం మాట్లాడలేదు.

ఇంజను గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. పెట్రోలు అయిపోయిందేమోనన్నారు, సగం ట్యాంకుంది. ఇరవై మంది కలిసి వీధి చివరిదాకా తోశారు, మళ్లీ వెనక్కి తోశారు. ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలించారు. ఒకాయన ప్లగ్గులు విప్పి ఉఫ్ఫని ఊది మళ్లీ పెట్టాడు. అవతలి వర్గం ప్రయోగం చేయించిందని ఇంకొకాయన తేల్చడంతో గుమ్మడికాయ దిష్టి తీశారు. నేను మాత్రం ఎర్ర దీపం కొడుతూనే ఉన్నాను. నాకు వచ్చిన భాష అదొక్కటే. అటు చూసినవాడు లేడు.

చూసింది నూకరత్నం. వెనక సీట్లో, పట్టుచీరలో, మెడలో దండతో కూర్చున్న ఆమె ముందుకు వంగి, అరలోంచి కారు పుస్తకం తీసింది. పేజీలు తిప్పి ఆ దీపం బొమ్మ పట్టుకుంది.

"ఏవండీ, తాళంచెవిలో ఏదో ఉంటాదంట. నిన్న మీరు కవరు మార్చారు కదా..."

"కార్ల గురించి నువ్వు నాకు చెప్తావా? కదలకుండా కూర్చో, పౌడరు కారిపోతంది."

మూడున్నరకు ఎలక్ట్రీషియన్ మస్తాను వచ్చాడు. దీపం చూసి బోనెట్ జోలికే పోలేదు.

"పాత కవరేదండీ?"

"పారేశాను."

"చిప్పు దాంట్లో ఉంటదండి. అది లేకపోతే మీ కారు మిమ్మల్ని దొంగ కిందే జమకడతది."

ఇరవై మందీ తలలు పక్కకు తిప్పుకున్నారు. వీర్రాజు వాళ్లందర్నీ మురిక్కాలవలోకి దింపి, తానూ పంచె ఎగ్గట్టి దిగాడు.

నూకరత్నం కారు దిగింది. "మస్తానూ, టైమెంతయింది?"

"నాలుగూ పదమ్మా."

నామినేషన్లు తీసుకునే చోటు పదకొండు కిలోమీటర్ల దూరం. ఆమె మెడలో దండ తీసి సీటు మీద పెట్టింది. ముందు సీట్లో ఉన్న నామినేషన్ కాగితాల ఫైలు చేతిలోకి తీసుకుంది. ఆమె పేరును ప్రతిపాదిస్తూ సంతకం చేసిన ఆశా కార్యకర్త సత్తెమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"సత్తెమ్మా, స్కూటీ తియ్యి."

"మీ ఆయన్ని అడగొద్దా వదినా?"

"ఆయన కాలవలో ఉన్నారు. తియ్యి."

అక్కడ జరిగింది నేను చూడలేదు. మర్నాడు మస్తాను నన్ను విప్పుతుంటే, సత్తెమ్మ తలుపు పట్టుకుని నవ్వాపుకోలేక చెప్పింది. అధికారి కాగితాలు తిరగేసి, "మీ ఆయన రాలేదేమ్మా?" అన్నాడట. "ఆయన పోటీ చెయ్యట్లేదండి," అని నూకరత్నం పెన్ను తీసిందట. ఐదు కావడానికి అప్పటికింకా పన్నెండు నిమిషాలున్నాయట.

కాలవలో వీర్రాజుకు రెండు సీసా మూతలు, ఒక చెంచా దొరికాయి. నామినేషన్ సంగతి విని ముందు కోపంతో చిందులు తొక్కాడు. చీకటి పడేలోపు, కారు పాడైనట్టు నాటకమాడి అవతలివాళ్ల కళ్లు గప్పింది తానేనని అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలెట్టాడు.

మస్తాను నన్ను తప్పించి, ఇంజనుకు వేరే దారి చూపించాడు. కారు కదిలింది గానీ నూకరత్నం దాన్నెక్కలేదు. సత్తెమ్మ వెనక కూర్చుని ఇల్లిల్లూ తిరిగి, నలభై ఒక్క ఓట్లతో గెలిచింది.

ఇప్పుడు నేను మస్తాను దుకాణంలో, పాత హారన్లూ కాలిన ఫ్యూజులూ వేసే డబ్బాలో ఉన్నాను. పక్కనున్నవాళ్లంతా పనిచేసీ చేసీ చెడిపోయినవాళ్లు. సరిగ్గా పనిచేసినందుకు ఇక్కడికొచ్చింది నేనొక్కణ్ణే.

మొన్న కారు బ్రేకుల కోసం వచ్చింది. పక్క సీట్లోంచి వీర్రాజు దిగాడు. ఎవరో ముసలాయన కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

"మా వీధి కుళాయి రావట్లేదు బాబూ, ఓ సంతకం..."

వీర్రాజు జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పాడు. కారు హారన్ ఒక్కసారి, పొట్టిగా మోగింది. స్టీరింగు ముందు నూకరత్నం ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే ఇటు చూస్తోంది.

వీర్రాజు పెన్ను మూత మళ్లీ బిగించాడు.

"ఆవిడ కార్లో ఉన్నారు," అన్నాడు. "అక్కడడుగు."