పలకల మస్తాన్ తెచ్చిన లావు పుస్తకం

సర్టిఫికెట్లు జిరాక్సు తీయించాలి. వాటిమీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించాలి. చీరకు ఫాల్ కుట్టించాలి. నాయనను దగ్గుకు పెద్దాసుపత్రిలో చూపించాలి. పాఠంలోని నూట పద్దెనిమిది ఇంగ్లీషు మాటలనూ ఎలా పలకాలో చూసుకోవాలి.

మార్కాపురంలో కాశింబీ అనే అమ్మాయి అంచు విరిగిన పలక మీద రాసుకున్న పనులివి. చివరిది నా వంతు. నేను ఒక ఉచ్చారణ నిఘంటువును. ఇంగ్లీషు మాటలను ఈ కాలపు మనుషులు ఎలా పలుకుతారో చెప్పడమే నా పని. అర్థాలు నాలో ఉండవు.

నన్ను తయారుచేసినవాళ్లు దూరదేశపు పండితులు. ఏళ్ల తరబడి రేడియోలు విన్నారు, వందలమందిని పట్టుకుని ఈ మాట మీరెలా అంటారని అడిగారు. వాళ్లలో వాళ్లకే కుదరక చాలా మాటలకు రెండేసి, మూడేసి ఉచ్చారణలు అచ్చువేశారు. జనం అన్నదాన్ని రాసిపెట్టుకున్న పుస్తకాన్ని నేను. సముద్రం దాటి వచ్చేసరికి, నేను చెప్పినట్టే జనం అనాలన్నది ఇక్కడ చట్టమైపోయింది.

ఒంగోలులో ఒక కాలేజీ లెక్చరరు నా తొలి యజమాని. స్టాఫ్ రూములో వాదన వచ్చినప్పుడల్లా నన్ను తెరిచేవాడు. గెలిస్తే అందరికీ చూపించేవాడు, ఓడితే నాది పాత ముద్రణ అనేవాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు పాత పేపర్లతో కలిపి నన్ను తూకానికి వేశారు. అలా చేతులు మారి మార్కాపురంలో రోశయ్య పాత పుస్తకాల కొట్టుకు చేరాను.

అక్కడికి వచ్చాడు మస్తాన్, కాశింబీ నాయన. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా రాయి కోస్తున్నాడు. ఎన్నో ఊళ్ల పిల్లలకు పలకలు కోసి పంపినవాడికి తన పేరు రాసుకోవడం రాదు.

"రోశయ్యన్నా, మా పిల్ల ఇంగిలీసు టీచరు ఉద్యోగానికి పోతాంది. డిక్షనరీల్లో అన్నిటికన్నా లావుది ఈయి."

"లావు చూసి కొనేదానికి ఇదేమన్నా గుమ్మడికాయంటయ్యా?" అని నవ్వుతూనే రోశయ్య నన్ను తీసిచ్చాడు.

ఇంట్లో కాశింబీ నన్ను తిప్పిచూసి, ఇందులో అర్థాలుండవని చెప్పింది. మస్తాన్ ముఖం వాడిపోయింది.

"అర్థాల్లేని డిక్షనరీ ఏంది తల్లీ?"

"నాకు కావల్సింది ఇదే నాయనా. ఇంత మంచిది మా కాలేజీలో కూడా లేదు."

ఆయన తల ఊపాడు. నమ్మలేదని నాకు తెలుసు.

ఊరి చివర హాస్టలు స్కూల్లో ఆ ఉద్యోగం. పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి. అది వస్తే మస్తాన్ రాయి కోయడం మానేయొచ్చు. పెద్దాసుపత్రిలో చూపిస్తే, ఛాతీ నిండా రాతిదుమ్మేనని, ఇంకో ఏడాది ఆ పని చేస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. పాఠం చెప్పే రోజుకు ఇంకా పదహారు రోజులున్నాయి.

నా మొదటి నలభై పేజీల్లో అసలు సంగతి ఉంది. మాట ఒంటరిగా ఉన్నప్పుడు ఒక తీరు, నలుగురిలో కలిస్తే ఇంకో తీరు. చిన్న చిన్న మాటలు వాక్యంలో పడగానే గొంతు తగ్గించుకుంటాయి. ఆ పేజీలు కాశింబీ తెరిచింది. సన్నటి అక్షరాలు, గట్టి ఇంగ్లీషు. ముందుమాటే కదా, తర్వాత చూద్దామని తిప్పేసింది. నూట పద్దెనిమిది మాటలనూ ఒక్కొక్కటిగా వెతికి, పలక మీద రాసి, నాయన ముందు పలికింది. ఆయనకు ఒక్క ముక్కా తెలియదు. అయినా దగ్గు ఆపుకుని మరీ వినేవాడు.

ఆ రోజు నన్ను సంచిలో పెట్టుకుని వెళ్లింది. ప్రతి మాటా నేను చెప్పినట్టే పలికింది. తప్పు ఒక్కటి లేదు. కానీ ఒక్కో మాటనూ నొక్కి, ఆగి, మళ్లీ ఎత్తుకుంది. పిల్లలు కాసేపు చూసి, తర్వాత పెన్సిళ్లు చెక్కుకోవడం మొదలుపెట్టారు.

"మాటలన్నీ కరెక్టేనమ్మా," అంది ప్రిన్సిపాలు. "కానీ ఇట్లా ఎవరూ మాట్లాడరు. వచ్చే నెల ఇంకో పోస్టు ఖాళీ అవుద్ది. ఈలోపు మాట్లాడటం నేర్చుకుని రా."

ఇంటికొచ్చి కాశింబీ అన్నం తినలేదు. "పుస్తకంలో ఉన్నట్టే చెప్పా నాయనా. అయినా పోయింది," అని మాత్రం అంది. మర్నాటి నుంచి నా ముందు పేజీలు పట్టుకుంది. ఇంట్లో ఉన్న చిన్న డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకో పేజీ చొప్పున చదువుకుంటూ పోయింది. పదిహేడో పేజీకి వచ్చేసరికి వాక్యాలు ఆమె నోట్లో నడవసాగాయి. నేను వింటున్నాను. ఈసారి వస్తుందనుకున్నాను.

ఒక ఆదివారం ఆమె బజారుకు వెళ్లినప్పుడు మస్తాన్ నన్ను తువ్వాల్లో చుట్టి రోశయ్య దగ్గరికి తెచ్చాడు.

"ఇది సరైంది కాదన్నా. అర్థాల్లేవంటే అప్పుడే అనుకున్నా. చదువు రానోణ్ణి, తప్పుది పట్టుకపోయి పిల్ల నోట్లో మన్ను కొట్టా. ఇది ఉంచుకుని అర్థాలుండేది ఈయి."

రోశయ్య ఇంకో లావు పుస్తకం ఇచ్చాడు. మస్తాన్ దాన్ని తెరిపించి, అర్థాలున్నాయని రెండుసార్లు చెప్పించుకుని, గుండెకు ఆనించుకుని పోయాడు. నన్ను తాడుతో కట్టి, కాగితాల మిల్లుకు పోయే కుప్ప మీద వేశారు.

కాశింబీ నన్ను వెతుక్కుంటూ రాలేదు. ప్రిన్సిపాలు చెప్పిన రెండో పోస్టుకు పాఠం చెప్పాల్సిన రోజు దాటిపోయింది. పుస్తకం ఎక్కడిచ్చావని అడిగితే సరైన పుస్తకాన్నే మార్చేశానని నాయనకు తెలిసిపోతుందని, ఆమె అడిగే ఉండదు. నిన్న మస్తాన్ కొట్టు ముందు నుంచి ఫ్యాక్టరీకి పోతూ ఆగి ఆగి దగ్గాడు. పని మానలేదంటే ఆమెకు ఆ ఉద్యోగమూ రాలేదన్నమాట.

రేపు లారీ వస్తుంది. వేల మాటలు ఎలా పలకాలో నాకు తెలుసు, ఒక్కటి పలికే నోరు లేదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మస్తాన్ మొదట తెచ్చిందే సరైన పుస్తకం. ఆ సంగతి తెలియకుండానే ఆయన పోతాడు. మీరైనా ఆయనను గుర్తుపెట్టుకోండి.