తలుపు పక్క మేకు

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. ఒక్కో మాట రాసేసరికి పక్కనున్న చాయ చల్లారిపోతుంది. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే మీరే ఏరుకుని చదవండి. ఇది నా కథే. కానీ ‘నేను’ అని రాయబోతే చెయ్యి ఆగుతోంది. అందుకని అనసూర్య అని రాస్తున్నాను.

*

మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల సందులోంచి ఎండ దిగుతుంది.

సన్నగా. నులక తాడంత.

అందులో బొగ్గు నుసి తేలుతుంది. పడదు, లేవదు... తేలుతుంది.

ఎండ గోడ మీద మెల్లగా నడిచి, తలుపు పక్కనున్న మేకు దగ్గర కాసేపు ఆగుతుంది.

మేకు ఖాళీ.

పదమూడేళ్ళుగా ఖాళీ.

ఆ మేకు కొట్టింది సదయ్య, అనసూర్య భర్త. సినిమాల్లో, టీవీలో వేషాలు వేసిన మనిషి. పోస్టర్ మీద ఎప్పుడూ ముఖం లేని మనిషి.

అంతకు ముందు అతను బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఆ బాయి మీద ఒక పద్ధతి ఉండేది. లోపలికి దిగే ముందు ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళను పలక మీది మేకు నుంచి తీసుకుని వెంట పెట్టుకోవాలి. పైకి వచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమిలోనే ఉన్నట్టు.

షిఫ్టు దిగి, మసి కడుక్కుని, అదే ముఖానికి రంగు వేసుకునేవాడు సదయ్య. కాలనీ గ్రౌండులో నాటకాలు. ఒకసారి హైదరాబాదు వాళ్ళెవరో చూసి సినిమాకు పిలిచారు. వెళ్ళాడు. మళ్ళీ పిలిచారు. వెళ్ళాడు. మూడోసారి నౌకరీ వదిలేశాడు.

బాయి మీద దీపాలిచ్చే గదిలో పోశం ఉండేవాడు, వరసకు బావ. డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, సదయ్య పాత నంబరు దాని మీద గుద్ది తెచ్చాడు.

“ఇగో బావా, ఇది తీస్కపో. బాయి అయితేంది, సినిమా అయితేంది... పోయినోడు మళ్ల వచ్చి తగిలియ్యాలె.”

అలా ఆ ఇంటికి మేకు వచ్చింది.

సదయ్య వెళ్ళేటప్పుడు అనసూర్య అతని ముఖం చూసేది కాదు. మేకునే చూసేది. వచ్చినప్పుడూ అంతే. ముందు టక్‌మని బిళ్ళ చప్పుడు, తర్వాతే మనిషి.

మొదటి సినిమా గోదావరిఖనికి వచ్చిన రోజు గల్లీ అంతా కదిలింది. ఫస్టు షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు కూడా చేయకుండా టికెట్ల కోసం నిలబడ్డారు. తెర మీద సదయ్య — తాటిచెట్టంత. నవ్వాడు. ఈలలు మోగాయి.

తర్వాత పాము కరిచింది.

తర్వాత నురగ. తర్వాత పాడె.

అనసూర్య లేచి నిలబడి అరిచింది.

“ఓ అక్కా, కూసో! ఉత్తదేనే, సినిమా!” అన్నారు వెనక నుంచి ఎవరో.

ఉత్తదేనని ఆమెకూ తెలుసు. తెలిసినా కాళ్ళు ఆగలేదు. ఇంటి దాకా పరుగెత్తింది. మేకు ఖాళీ.

నాలుగో రోజు సదయ్య వచ్చాడు. టక్‌మంది. అప్పుడు ఏడ్చింది.

“ఇగ నీ సినిమా నేను సూడ. నువ్వు ఇంటికొచ్చే వేషం ఎయ్యి... గప్పుడు సూస్త.”

“ఇంటికొచ్చే వేషం నాకెవరిస్తరే? నేను సస్తేనే కథ నడిచేది.”

నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఏళ్ళు గడిచాయి. సదయ్య చనిపోతూనే ఉన్నాడు. తుపాకి గుండుకు, కల్తీ కల్లుకు, రైలు కింద, కొడుకు చేతిలో. ఇంటర్వెల్ దాటి బతికితే పెద్ద వేషం. సినిమా చూసి వచ్చినవాళ్ళు ఆమె వాకిట్లో ఆగి మెచ్చుకునేవాళ్ళు. “వదినా, అన్న మస్తు సచ్చిండు ఈసారి!”

మెచ్చుకోలే అది. ఆమె మజ్జిగ ఇచ్చి పంపేది.

తర్వాత సినిమాలు తగ్గాయి. టీవీ వచ్చింది. టీవీలో చావు నెమ్మదిగా వచ్చేది... ఒక్కోసారి ఏడాది పట్టేది. జుట్టు నెరిసింది. వేషానికి రంగు అక్కర లేకుండా పోయింది.

ఒకసారి అన్నం తింటూ అన్నాడు —

“డైరెక్టర్ తిట్టిండే. సెట్టు మీద ఇంట్లకు వచ్చే సీన్ల నా చెయ్యి తలుపు పక్కకు పోతున్నదట. ఏం చేస్తున్నవయా గోడకు, అంటడు.”

“ఆడ మొల ఉంటదా?” అంది ఆమె, తలుపు పక్క మేకును చూపిస్తూ.

“యాడిది? ఉత్త అట్టగోడ.”

ఆ రోజు ఇద్దరూ నవ్వారు. అన్నం తింటూ నవ్వారు. నీళ్ళు తాగుతూ నవ్వారు.

చివరికి ఒక సీరియల్ దొరికింది. ఇల్లు వదిలి పోయిన తండ్రి వేషం. ఫోన్ చేశాడు. గొంతులో పసివాడి సంబరం.

“దొరికిందే! ఆఖరి దినం ఇంటికొస్తడు. సావడు! గిది సూడాలె నువ్వు.”

ఆఖరి దినం వచ్చేసరికి అనసూర్య పెద్దపల్లి దవాఖానలో ఉంది. కూతురు యమున పురిటి మంచం పక్కన. బిడ్డ పుట్టింది, సీరియల్ అయిపోయింది. మళ్ళీ ఎప్పుడైనా చూడొచ్చు అనుకుంది.

మరుసటి ఏడు హైదరాబాదులో షూటింగు మధ్య విరామంలో సదయ్య గుండె ఆగింది. ఈసారి కెమెరా తిరగడం లేదు.

ఒక కవర్లో బట్టలు వచ్చాయి. కళ్ళజోడు వచ్చింది, చేతి గడియారం వచ్చింది. ఆమె జేబులు మూడుసార్లు వెతికింది. అంగీ మడతలు విప్పి చూసింది.

బిళ్ళ రాలేదు.

దహనం అయింది. బూడిద గోదావరిలో కలిసింది. పెద్దకర్మ అయింది. మేకు మాత్రం ఖాళీగానే ఉంది. ఖాళీ మేకుకు ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే.

“ఆ మొల తీసెయ్యరాదే అవ్వా, చీర చినుగుతది,” అంటుంది యమున వచ్చినప్పుడల్లా.

“తీస్త తీయ్.”

తీయదు. రోజూ మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరుగుతుంది, బొగ్గు కోసం నేలను పేలుస్తారు. ఇల్లు అదురుతుంది. మేకు ఒక వెంట్రుక వాసి వదులవుతుంది. ఆమె పచ్చడి బండతో మెల్లగా కొట్టి మళ్ళీ బిగిస్తుంది.

ఈ ఎండాకాలం ఒక రోజు పక్కింటి మల్లక్క గోడ మీది నుంచి కేకేసింది.

“ఓ అనసూర్యా! నీ మొగుడు టీవీల లేచిండే! జల్ది పెట్టు!”

అదే సీరియల్. మళ్ళీ మొదటి నుంచి. రోజూ రెండు గంటలకు.

ఆమె తన ఇంట్లో టీవీ పెట్టుకుని కూర్చుంది. తెర మీద పేర్లు ఉరుకుతున్నాయి. ఆమె చదువు నడుస్తుంది. మొదటి రోజు ‘స’ అనేలోపు పేరు పోయింది. నెల తర్వాత ఒక రోజు పేరు మొత్తం అందింది. సదయ్య. అందిన పేరును కొంగులో కట్టుకున్నట్టు లోపలికి పోయి, కాసేపు ఊరికే నిలబడింది.

రోజూ భయమే. ఆఖరి దినం వస్తుంది. అతను వస్తాడు. వచ్చాక... ఇక రావడానికి ఏమీ మిగలదు.

అయినా చూడాలి. మాట ఇచ్చింది కదా.

ఆఖరి దినం పొద్దున వాకిలి ఊడ్చింది. పచ్చిపులుసు చేసింది. మేకును బండతో బిగించింది. తలుపు బార్లా తీసి కూర్చుంది.

తెర మీద ఒక బాట. దుమ్ము. దుమ్ములోంచి సదయ్య... నెరిసిన గడ్డం, భుజాన సంచి. నడుస్తున్నాడు. ఏ పామూ రాలేదు. ఏ తుపాకీ పేలలేదు. గడప దాటాడు.

లోపలివాళ్ళు ఏడుస్తూ పరుగెత్తుకొస్తున్నారు.

అతని చెయ్యి తలుపు పక్కకు పోయింది.

గోడను తడిమింది. పైన. కొంచెం కింద. మళ్ళీ పైన.

మేకు లేదు.

బిళ్ళ పట్టుకున్నట్టున్న గుప్పిట తెరుచుకోలేదు. ఎవరెవరో అతన్ని వాటేసుకున్నారు. పాట మొదలైంది. అనసూర్య ఆ ముఖాలేవీ చూడలేదు. మూసి ఉన్న గుప్పిటనే చూసింది... వేళ్ళ సందున ఏదో రేకులా మెరిసింది. లేక టీవీ వెలుగేనేమో.

పేర్లు పైకి పోయాయి. తెర నల్లబడింది.

మల్లక్క గోడ మీది నుంచి తొంగి చూసింది.

“ఏమైందే? వచ్చిండా ఇంటికి?”

అనసూర్య మేకు వైపు చూసింది.

“వస్తున్నడు,” అంది.

దూరంగా బ్లాస్టింగు మోగింది. ఇల్లు అదిరింది. రేకుల సందులోంచి దిగిన ఎండ మేకు దాకా వచ్చింది, నులక తాడంత. అందులో బొగ్గు నుసి... పడదు, లేవదు.

తలుపు పక్క మేకు సన్నగా వణికింది. ఎవరో ఇప్పుడే చెయ్యి పెట్టినట్టు.

ఆమె బండ కోసం లేవలేదు.

*

అనసూర్య, అరవై ఏడేళ్ళు.
గోదావరిఖనిలోనే, అదే రేకుల ఇంట్లో ఉంటున్నాను.