కొత్త మనిషి మాటలు

మా ఇంట్లో ఏడేళ్ల పిల్ల ఉంది. నేను కన్నది కాదు, కట్టుకున్నాయన కూతురు. రెండేళ్ల కిందట పోయిన వాళ్లమ్మది వేరే భాష. నాతో ఊ, ఊహూ తప్ప పలకదు గానీ, బొమ్మతో మాత్రం అమ్మ భాషలో గంటలకొద్దీ కబుర్లు. ఆయన్ని నేర్పమంటే, "నా నోట రావట్లేదు, వదిలెయ్" అన్నారు. నాకు ఆ కబుర్లలో కాస్త చోటు కావాలి. అంతే.

మధ్యాహ్నాలు నా కుట్టు షాపులో గిరాకీ ఉండదు. అద్దాల తలుపులోంచి ఎండ వచ్చి గుడ్డలమీద పడుకుంటుంది. నాకూ కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ మత్తులోనే ఫోన్‌లో ఏఐని అడిగాను, ఆ భాష నేర్పమని. అది మొదటి పాఠంలోనే నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్లి, టికెట్ కౌంటర్ ఎక్కడని అడిగించింది. ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. కొలతలివ్వకుండా చొక్కా కుట్టమనేవాళ్లని నేనెన్నిసార్లు తిట్టుకోలేదు!

కొలతలిచ్చాను. "నువ్వు ఏడేళ్ల పిల్లవి. నేను మీ నాన్న కొత్త భార్యని. పొద్దున్నే నీకు జడ వేస్తున్నాను. ఐదు మాటలకు మించి మాట్లాడకు. తప్పులు అప్పటికప్పుడు దిద్దకు. అమ్మ బిడ్డతో అనే మాటలు నాతో అనిపించు."

ఎంత హాయో! ఫోన్‌లోని పిల్ల నా ముద్దుమాటలకు ఇట్టే కరిగిపోయేది. మిషన్ ఆపేసి, ఎండలో ఎగిరే నూలుపోగులు చూస్తూ, ఎవరూ లేని గదిలో నేను తల్లినయ్యాను. వారం రోజులు గాల్లో తేలాను.

ఎనిమిదో రోజు, నిజం పిల్లకి జడ వేస్తూ ఆ ముద్దుమాటల్లో ఒకటి అనేశాను. పిల్ల బిగుసుకుపోయింది.

"అది మా అమ్మ మాట. నువ్వెందుకంటున్నావ్?"

సగం జడతోనే బడికెళ్లిపోయింది. నాకు దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది.

ఆ మధ్యాహ్నం మళ్లీ రాశాను. "అమ్మ మాటలొద్దు. ఆ ఇంటికి కొత్తగా వచ్చి, ఏమీ తెలియక అడిగే మనిషి మాటలు నేర్పు. నన్ను తొందరగా ఇష్టపడకు." ఈసారి ఫోన్‌లోని పిల్ల నన్ను బాగా ఏడిపించింది. అడగడం ఒక్కటే నేర్చుకుని ఇంటికొచ్చాను.

సాయంత్రం కిటికీ చూపించి, వాళ్ల భాషలో, "దీన్నేమంటారు?" అన్నాను.

పిల్ల అనుమానంగా చూసి చెప్పింది. నేను పలికాను. ఫక్కున నవ్వింది.

"అలా కాదు!"

తర్వాత తనే నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది. తలుపు, చెప్పు, నీళ్లు, నీడ. చివరికి వాళ్లమ్మ ఫొటో ముందు ఆగింది. నేనడగలేదు. తనే చెప్పింది, వాళ్ల భాషలో అమ్మని ఏమంటారో.

"నువ్వూ అను."

అన్నాను.

"కాదు, మెల్లగా."

రెండోసారీ కుదరలేదు. మూడోసారి మాట సరిగ్గా వచ్చింది. పిల్ల తలూపి, ఫొటోవైపు తిరిగి, అదే భాషలో చెప్పింది. ప్రతి ముక్కా నాకు అర్థమైంది.

"ఈమెకి రాదమ్మా. నేనే నేర్పుతున్నా."