నా మీది పేరు నాది కాదు

నేను ఒక దొంగపేరు పెట్టుకున్న తుపాకిని. రెండు గొట్టాలు, వాటి వెనక చెవుల్లా నిక్కి, మీట నొక్కితే పడే రెండు సుత్తులు, నున్నటి వాల్‌నట్ కర్ర. చూడ్డానికి దొరబిడ్డలాగే ఉంటాను.

మేలు రకం తుపాకుల గొట్టాలకు ఇనుమునూ ఉక్కునూ జడలా పేని, ఎర్రగా కాల్చి, సుత్తులతో కొట్టి అతికేవారు. ఆ మెలికలు లోహం లోపలిదాకా ఉంటాయి. నావి ఉత్త ఇనుప గొట్టాలు. సముద్రానికి అవతల ఒక ఇరుకు కార్ఖానాలో పనివాడొకడు కాగితం మీద గీసిన మెలికలను నా ఒంటికి చుట్టి, ఆమ్లంతో అచ్చు వేశాడు. పైన లండన్‌లో పేరుమోసిన ఒక కంపెనీ పేరు చెక్కాడు. రెండు పక్కలా నెమళ్లు, పువ్వులు కూడా చెక్కాడు. మనుషులు చదివిందే నమ్ముతారని వాడికి బాగా తెలుసు.

మద్రాసు రేవులో దిగాక ఒక జమీందారు నన్ను కొన్నాడు. అతను నాతో ఒక్క పులినీ కొట్టలేదు గాని, నన్ను పట్టుకుని చాలా ఫోటోలు దిగాడు. ఎస్టేటు పోయాక దివాను ఇంటికి, అక్కడినుంచి ఒక ప్లీడరు అటక మీదికి చేరాను. చివరికి గజపతినగరం దగ్గర జీడితోటలున్న వేగేశ్న నీలాద్రిరాజు కంట పడ్డాను.

రాజుకు పాత సుత్తుల తుపాకులంటే ప్రాణం. భూతద్దం పట్టుకుని చెక్కడం చూసి, కర్రలో నార చూసి, గొట్టాల మీది మెలికలు చూసి ఏది ఏ గ్రేడో చెప్పేవాడు. విశాఖపట్నం నుంచి కూడా మనుషులు ఆయన మాట కోసం వచ్చేవారు. నన్ను ఇంటికి తెచ్చిన రోజు భూతద్దం కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, “మొదటి గ్రేడే” అన్నాడు. అంత ప్రేమగా నన్ను ఎవరూ చూడలేదు. నాకు నోరుంటే మాత్రం నిజం చెప్పేదాన్నా? ఏమో.

ఆ ఇంట్లో ఇంకో రెండు తుపాకులు ఉండేవి. ఒకటి అడవిపందుల నుంచి తోటను కాచే ఇప్పటి తుపాకి. రెండోది ఆయన తండ్రిది. దాని మీద పేరు అరిగిపోయింది, చెక్కడం లేదు, గొట్టాలకు ఎవరో దట్టంగా నల్లరంగు పూశారు. రాజు దాన్ని కడగొట్టు గ్రేడు కింద కట్టేశాడు.

ఇంతలో ఒక లైసెన్సు మీద రెండు తుపాకులే ఉండాలని రూలు వచ్చింది. తోటకు ఒకటి తప్పదు. మిగిలిన ఒక్క చోటు నాకో, తండ్రిదానికో.

“మావగారి తుపాకీ ఇచ్చెస్తారేటండీ?” అంది భార్య బంగారయ్యమ్మ, కళ్లు పెద్దవి చేసి.

“అది నాసిరకం. ఇలాటిది మళ్లీ దొరకదు,” అంటూ రాజు నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఆయన ఒంటి వాసన దానికే కదండీ ఉంది!”

“వాసన చూసి గ్రేడు కట్టరు,” అన్నాడాయన. మర్నాడు దాన్ని పోలీసు స్టేషనుకు పట్టుకెళ్లి అప్పజెప్పేశాడు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. గొడవలు రాకుండా అందరి తుపాకులతో పాటు నన్నూ స్టేషనులో పెట్టారు. ఫలితాలయ్యాక రాజు నన్ను తీసుకోవడానికి వచ్చాడు. బల్ల పక్కన, జనం అప్పజెప్పగా తుక్కు కింద పంపడానికి కోసిన తుపాకుల ముక్కలు గోనెసంచిలో ఉన్నాయి. ఒక ముక్కకు రంపం తగిలిన చోట నల్లరంగు లేచిపోయింది. రాజు వంగి దాన్ని తీశాడు. కోత మొహం మీద కూడా సన్నటి సుడులు, ఏటిలో నీళ్లలా, లోహం లోపలిదాకా.

“ఏటి రాజుగారూ, ముక్కలు చూస్తన్నారు?” అన్నాడు కానిస్టేబులు.

“మా నాన్నది,” అన్నాడు రాజు. ఆ ముక్కను మళ్లీ సంచిలో పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చి నా ముందుకర్ర ఊడదీసి, దాని కింద గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్దాడు. రెండు మూడు రుద్దులకే మెలికలు చెరిగిపోయాయి. కింద ఉత్త ఇనుము. ఆయన రుద్దుతూనే ఉన్నాడు, ఇంకా లోపల ఏమైనా ఉంటుందేమోనని.

బంగారయ్యమ్మ వచ్చి ఆ చేతులు పట్టుకుంది. “ఏటయిందండీ?”

“మేలైనదాన్ని కోయించేశాను, బంగారీ. నా చేత్తో నేనే.”

“తెలీక చేశారు.”

“తెలుసుకోవడమే కదే నా పని!”

ఆవిడ గరుకు కాగితం లాక్కుని పక్కన పడేసింది. ఆయన చేతి వెచ్చదనానికి అలవాటుపడ్డ నేను, ఆ పూట ఆయన వేళ్లు నా మీదనుంచి జారిపోతుంటే తెలుసుకున్నాను, అవి తిరిగి రావని.

ఆ తర్వాత గ్రేడు అడగవచ్చిన వాళ్లను వీధిలోంచే పంపేశాడు. భూతద్దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. నన్ను అమ్మలేదు, అప్పజెప్పలేదు, తుడవలేదు. వానాకాలం వచ్చింది. రుద్దిన చోట తుప్పు మొదలై మెల్లగా పైకి పాకుతోంది.

ఒక సాయంత్రం తోట కాపలా గవరయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. “బాబూ, పందులు పడ్డాయి! తుపాకీ అట్టుకుని రండి, మొక్కలన్నీ పెళ్లగించెస్తన్నాయి!”

రాజు కుర్చీలోంచి లేవలేదు.

“పెళ్లగించనీరా,” అన్నాడు.

గవరయ్య తడిసిన తలగుడ్డ పిండుకుని, ఒంటరిగా చీకట్లోకి వెళ్లిపోయాడు.