నీలం చుక్క

కుర్చీని ఎండ పడని చోటికి జరిపి, దిండును రెండు దెబ్బలు దులిపి, వెలిసిన పక్క పైకి వచ్చేలా వేసి, కాపలాదారు నెమ్మదిగా కూర్చున్నాడు. కూర్చున్నాక, తాళంచెవి తలుపుకే వేలాడుతోందని గుర్తొచ్చి లేచాడు. దాన్ని తెచ్చి మెడలో వేసుకుని, దిండు మళ్ళీ సరిచేసి, మళ్ళీ కూర్చున్నాడు. రోజూ ఇదే వరస. రెండుసార్లు కూర్చుంటే తప్ప బాబాయికి తెల్లవారదని గుమ్మం దగ్గర టికెట్లిచ్చే ఆవిడ నవ్వుతుంది. ఇవాళ రెండోసారి కూర్చున్నాక ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కొండ మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఈమధ్య ఒక పట్టాన తగ్గడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మెట్లెక్కొద్దంటారు, మెట్లెక్కకపోతే ఈ కుర్చీ లేదు.

అది కొండమీది పాత రాతి మఠం. అక్కడ ప్రార్థనలు చేసుకున్న సన్యాసులు వెళ్ళిపోయి ఎన్ని తరాలైందో బయట పలక మీద చెక్కి ఉంది గానీ, ఆ పలక చదివేవాళ్ళు తక్కువ. వాళ్ళు మోకరిల్లిన చోట నేలరాళ్ళు ఇప్పటికీ గుంటలు పడి ఉన్నాయి. ఇప్పుడు ఏటా ఎండాకాలం ఆ పొడవాటి హాల్లో బొమ్మల ప్రదర్శన పెడతారు. అన్నీ కొండలు, సెలయేళ్ళు, పొలాలు, మబ్బులు. పాత గోడలకు మేకు కొట్టకూడదు కాబట్టి, పైనున్న దూలం నుంచి సన్నని తీగలతో వేలాడదీస్తారు. గాలి గట్టిగా వీస్తే కొండలన్నీ ఒక్కసారే ఊగుతాయి. జనం ఆపసోపాలు పడుతూ కొండెక్కి, చుట్టూ ఉన్న కొండలకు వీపు చూపించి, టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చి, కొండల బొమ్మలు చూసి ముచ్చటపడి వెళతారు. ఇదేం వింతో కాపలాదారుకు మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత్తర్వాత అర్థం చేసుకోవాలన్న సరదా పోయింది.

ఆయన ఉద్యోగమల్లా ఒక్క మాట. ముట్టుకోకండి. బొమ్మల ముందు కట్టిన తాడు దాటి ఎవరి వేలైనా పోతే ఆ మాట అనాలి. గట్టిగా అంటే మర్యాద కాదు, మెల్లగా అంటే వినపడదు. ఆ మధ్యరకం గొంతు పట్టుబడడానికి ఆయనకు చాలా ఏళ్ళే పట్టింది. పిల్లల్ని ఆపాడు, పిల్లలకంటే ఎక్కువగా పెద్దవాళ్ళని ఆపాడు, ఒకసారి పై అధికారి భార్యను ఆపి చీవాట్లు తిన్నాడు. బడిపిల్లలు ఆయనకు ముట్టుకోకు తాత అని పేరు పెట్టారు. ఇంట్లో భార్యకు మాత్రం ఆ ఉద్యోగమంటే ఎంతో మురిపెం. "కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు. మా ఆయన కూర్చుని కొండలకే కాపలా కాస్తున్నాడు" అని ఇరుగుపొరుగుతో అనేది.

ఆవిడ ఒక్క ప్రదర్శనా చూడలేదు. మోకాళ్ళ నొప్పి. దుప్పట్లు ఉతికిన రోజున డాబా ఎక్కడమే ఆవిడకు పెద్ద యాత్ర. తగ్గాక వస్తానని ఏటా అంటూనే, దూరపు కొండలు నునుపులెండి, ఇక్కణ్ణించే బాగున్నాయని తనే తేల్చేసేది. బట్టలారేస్తూ మఠం వైపు తిరిగి చెయ్యూపేది. అంత దూరంనుంచి అది ఆయనకు కనపడదు. ఆయన కిటికీ దగ్గర ఉన్నాడో లేదో ఆవిడకూ తెలియదు. అయినా ఊపేది. సాయంత్రం ఇంటికి రాగానే, ఇవాళ చెయ్యూపాను చూశారా అని అడిగేది. చూశానని ఆయన అబద్ధం ఆడేవాడు.

పోయిన చలికాలంలో ఆవిడ పోయింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆ తర్వాత నుంచి పక్కింట్లో ఉండే బావమరిదే ఆయనకు రాత్రి భోజనం పెడుతున్నాడు. "రోజంతా కూర్చుని అలిసిపోయుంటావు, తిను బావా" అని అక్క పోయిన దుఃఖాన్ని వేళాకోళంలో కలిపి వడ్డిస్తాడు. ఆయన తిని, తన ఇంటికి వెళ్ళి పడుకుంటాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఏ బొమ్మనీ బొమ్మగా చూసింది లేదు. వేళ్ళనే చూశాడు. ఈ ఏడాది బొమ్మలు వేలాడదీసిన రోజున మాత్రం, నడిమి కిటికీ పక్కన పెట్టిన పెద్ద బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఏటా వచ్చే చిత్రకారిణి వేసిందది. కిందటేడు వానలకు ముందు ఆవిడ మఠం గంటగోపురం మీద గొడుగు పాతుకుని కూర్చుని వేస్తుంటే, ఈయనే పైకి మంచినీళ్ళు అందించాడు. బొమ్మ నిండా లోయ. పైన కొండలు, మధ్యన ఏరు, అట్టడుగున ఓ మూల ఊళ్ళో ఇళ్ళు. నీళ్ళ ట్యాంకు నుంచి వరసగా చూసుకుంటూ వస్తే, వంకర పొగగొట్టం ఉన్న డాబా ఒకటి. అది వాళ్ళదే. దానిమీద అగ్గిపుల్ల తలంత నీలం చుక్క.

ఆ చుక్క ఒక దుప్పటి. ఎన్ని ఉతుకులకూ రంగు దిగలేదని ఆవిడ గర్వపడ్డ నీలం దుప్పటి. వానలు వెలిశాక అది నడిమికి చిరిగితే, బాగున్న మేరకు కత్తిరించి ఆయన కుర్చీకి దిండు కుట్టింది. చెక్కకుర్చీ ఎముకలకు గుచ్చుకుంటోందని ఆయన అనలేదు, ఇంటికొచ్చి ఆయన కూర్చునే తీరు చూసి ఆవిడే కనిపెట్టింది. కిటికీ ఎండకు దిండు ఒక పక్క బూడిదరంగుకు తిరిగింది. అది గమనించినప్పటి నుంచీ ఆయన రెండో పక్కను ఎప్పుడూ కిందికే ఉంచుతున్నాడు, కుర్చీని నీడకు జరుపుతున్నాడు. చుక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. బావమరిదికి చెబితే వీధి వీధంతా వెంటేసుకుని వచ్చేస్తాడు.

పొద్దున బడిపిల్లలు వచ్చి వెళ్ళారు. వాళ్ళ అల్లరి సద్దుమణిగాక చిత్రకారిణి తన గురువును వెంటబెట్టుకుని వచ్చింది. చేతికర్ర పట్టుకున్న నెమ్మదైన మనిషి ఆయన. పెద్ద బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, కొండమీది వెలుగును మెచ్చుకున్నాడు, ఏటి వంపును మెచ్చుకున్నాడు. ప్రదర్శన అయిపోగానే ఆ బొమ్మను పెద్ద నగరంలోని చిత్రశాలకు తీసుకెళతారని, ఇక అక్కడే ఉండిపోతుందని ఆవిడ చెప్పింది. ఆయన సంతోషించి, కర్రతో తాడు ఇవతలి నుంచే అడుగు మూలను చూపించాడు.

"ఆ నీలం చుక్క ఎందుకమ్మా? కన్ను ముందు అక్కడికే పోతోంది. కొండ దాకా రావట్లేదు."

ఎందుకు పెట్టిందో ఆవిడకూ గుర్తులేదు. రంగులు కలిపే పలక మీద మిగిలిన రంగేదో అంటించి ఉంటానంది. ఇప్పుడే డాబా రంగు కలిపి కప్పేస్తానని, గురువును కింద బండి ఎక్కించి రంగుల పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళింది.

గురువు చెప్పింది తప్పేం కాదు. వచ్చినవాళ్ళ కన్ను ముందు ఆ చుక్క మీదికే పోవడం కాపలాదారు రోజూ చూస్తున్నదే. ఆయనకది లోపమని తోచలేదు, అంతే. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. చిత్రకారులు తమ బొమ్మలను సరిదిద్దుకోవచ్చని ప్రదర్శన నిబంధనల్లోనే ఉంది. దుప్పటి తమదే గానీ చుక్క తమది కాదు. మనిషే పోయాక చుక్క ఉంటేనేం, పోతేనేం అని తనకు తాను నచ్చజెప్పుకోబోయాడు. అది మనసుకు ఎక్కలేదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ బండి ఆలస్యమైతే బాగుండునని, దారిలో ఎవరైనా కలిసి మాటల్లో పెడితే బాగుండునని, చిన్నపిల్లాడిలా కోరుకున్నాడు.

ఆవిడ వచ్చింది. పెట్టె తెరిచి, మట్టిరంగూ బూడిదరంగూ కలిపి, సన్నని కుంచె కొనకు అద్దుకుంది. తాడు ఎత్తి అవతలికి వెళ్ళి వంగింది. హాల్లో వేరే ఎవరూ లేరు. టికెట్టావిడ గుమ్మంలోంచి వింతగా చూస్తోంది.

"ముట్టుకోకండి."

ఎప్పుడు లేచాడో, బొమ్మ దాకా ఎప్పుడు నడిచాడో ఆయనకే తెలియలేదు. చిత్రకారిణి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, ఆయన్ని చూసి నవ్వేసింది.

"నా బొమ్మేనండీ ఇది."

"తెలుసమ్మా."

ఆయన పక్కకు జరగలేదు. ఆ ఒక్క మాట తర్వాత ఇంకేమైనా అనాల్సిన అవసరం ఈ ఉద్యోగంలో ఎప్పుడూ పడలేదు. ఆవిడ నవ్వు తగ్గించి, ఏమైందని అడిగింది.

"అది దుప్పటమ్మా. మా డాబా మీద ఆరేసింది. దాని వెనక మా ఆవిడుంది."

చిత్రకారిణి వంగి చుక్కను చూసింది. అక్కడ మనిషి జాడేమీ లేదు.

"కనపడదమ్మా" అన్నాడాయన. "దుప్పటి పెద్దది, తను పొట్టిది."

ఆవిడ నమ్మలేదేమోనని ఆయనకు భయం వేసింది. గబగబా కుర్చీ దగ్గరికి వెళ్ళి దిండు తెచ్చి, తిరగేసి చూపించాడు. ఆవిడ దాన్ని అందుకుని చుక్క పక్కన పెట్టి చూసింది. కొండలను ఎంతసేపు చూస్తుందో అంతసేపూ చూసింది. ఒకటే నీలం. ఎండలో గోపురం మీద కూర్చుని, కింద ఎక్కడో మెరిసిన రంగును ఏమిటో తెలియకుండానే బొమ్మలోకి ఎత్తి పెట్టిన సంగతి ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది.

"అది లేకపోతేనే బొమ్మ బాగుంటుందేమో, నాకు తెలీదు. ఉండనివ్వండమ్మా" అన్నాడాయన.

"మా గురువుగారు అడిగితే ఏం చెప్పను?"

"కాపలావాడు ఒప్పుకోలేదని చెప్పండి."

ఆవిడ కుంచెను గుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టేసింది. దిండును రెండు చేతులా ఆయనకిచ్చి, వచ్చేటప్పుడు ఎత్తిన తాడు కిందనుంచి ఈసారి వంగి దూరి ఇవతలికి వచ్చింది. మీ ఆవిడ ఇది చూశారా అని అడిగింది. లేదని ఆయన తల అడ్డంగా ఊపాడు. దిండును కుర్చీలో ఎలా పడితే అలా వేసి కూలబడ్డాడు.

సాయంత్రం మూసేవేళకు టికెట్టావిడ డబ్బుల డబ్బా, టికెట్ల కట్టలూ సర్దుకుని, రేపు మెట్లు నెమ్మదిగా ఎక్కి రండి బాబాయ్, ముఖం బాగాలేదని చెప్పి వెళ్ళిపోయింది. కిటికీలన్నీ వేసి, ఆయన పెద్ద బొమ్మ ముందుకు వచ్చాడు. చుట్టూ చూసి, తాడు మీదుగా చెయ్యి చాచాడు. వేలు చుక్క దాకా వెళ్ళి, అంటుకోకముందే ఆగింది. అలవాటు అలాంటిది. చాచిన చేతిని ఏం చేయాలో తెలియక, కాస్త పైకెత్తి, ఊపాడు.

"ఇవాళ చూశాను" అన్నాడు.

తలుపుకు తాళం వేసి, చెవి మెడలో వేసుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగాడు. ఆ రాత్రి బావమరిది ఇంట్లో ఇంకో ముద్ద అడిగి మరీ తిన్నాడు.

మర్నాడు మఠం తలుపు వేళకు తెరుచుకోలేదు. దూరంనుంచి వచ్చినవాళ్ళు నీడన కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. టికెట్టావిడ మెట్ల వైపే చూస్తూ నిలబడింది. చివరికి బావమరిది ఎక్కి వచ్చాడు. అతని చేతిలో తాడుతో సహా తాళంచెవి ఉంది. అది చూసేసరికే ఆవిడకు తెలిసిపోయింది.

"నిద్రలోనే" అన్నాడతను. "దుప్పటి కూడా చెదరలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని తలుపూ కిటికీలూ తీసింది. వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళి ఎప్పటిలాగే అడుగు మూలకు వంగి, ఆ తర్వాత కొండలు చూశారు. బావ ఎక్కడ కూర్చునేవాడని బావమరిది అడిగాడు. ఆవిడ చూపించింది. నడిమి కిటికీలోంచి ఎండ నేలమీది గుంటలు దాటి కుర్చీ దాకా వచ్చి ఉంది, జరిపే చెయ్యి లేదు. కుర్చీలో దిండు, ఎప్పుడూ కిందికుండే పక్క పైకి పడి, నీలంగా ఉంది.