మూడు సెకన్లు ఎక్కువ

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. గడియారం అనుకునేరు, టైమెంతయిందో నాకు తెలియదు. ఎవరు దేనికి ఎంతసేపు పట్టారో మాత్రమే తెలుసు. మనుషుల మీద గౌరవం పోవడానికి నాకది చాలింది.

పేరు లేని ఏదో కార్ఖానాలో స్టీలు రేకు, స్ప్రింగు, నాలుగు పళ్లచక్రాలతో పుట్టాను. విజయనగరంలో ఒక డ్రిల్లు మాస్టారు పాతికేళ్లు నన్ను మెళ్లో వేసుకుని పరుగుపందేలు పెట్టించాడు. రిటైరయ్యాక సులోచన అనే పాత విద్యార్థిని చేతిలో పెట్టాడు. ఆమె పరుగులో ఎప్పుడూ ఆఖరే కానీ నోటిలెక్కల్లో ఆమె ముందు ఎవరూ నిలిచేవారు కాదట.

సులోచన విశాఖపట్నంలో ఒక కాల్‌సెంటర్‌లో పనిచేసేది. ఫ్రిజ్‌లు చెడిపోయినవాళ్లు ఫోన్ చేసి తిడుతుంటే "క్షమించండి సార్" అనడమే ఉద్యోగం. రోజుకు నూట పది ఫోన్లు. మధ్యాహ్నం అరగంట విరామంలో ఎనిమిది నిమిషాల్లో పెరుగన్నం మింగేసి కళ్లు మూసుకునేది. పక్కసీటు రత్నాలు తన క్యారేజీ విప్పకుండా పక్కన పెట్టి, నన్ను నొక్కి పది పెద్ద సంఖ్యలు చదివేది, ఈమె మనసులో కూడేది. హైదరాబాదులో పెద్దవాళ్లకు జరిగే నోటిలెక్కల పోటీకి వెళ్లాలని సులోచన కోరిక. ముప్పై ఆరేళ్లలో తనకోసం కోరుకున్నది అదొక్కటే.

ఒకరోజు మేనేజరు ఉదయభాస్కర్ వచ్చాడు.

"ఏటమ్మా అది?"

"పోటీకి సార్. దీంతో కొలుచుకుంటే టైము తగ్గుతంది. నలభై సెకన్ల నుంచి పంతొమ్మిదికి దిగాను."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. సంతోషం పట్టలేక చెప్పేసింది పాపం. సీట్లోంచి ఎవరు లేచారో ఆ ఆఫీసు పాత కంప్యూటర్లకు తెలిసేది కాదు. మర్నాటి నుంచి నేను ఉదయభాస్కర్ చేతిలో ఉన్నాను. మంచినీళ్లకు లేచినా, బాత్రూముకు లేచినా నొక్కడమే. వారానికి రెండు గంటలు దాటితే ఉద్యోగం ఊడుతుందని గోడకు కాగితం అంటించాడు.

అయితే ఆ మహానుభావుడికి కూడిక రాదు. ఫోన్లోని కాలిక్యులేటర్‌లో కూడితే నిమిషానికి వంద సెకన్లు పడేవి. అందుకని సులోచనను పిలిచి, వారం వారం అందరి మొత్తాలూ చెప్తే పోటీకి సెలవిస్తానన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు, రత్నాలు తప్ప.

రత్నాలుకు అప్పుడు ఆరో నెల. ఎన్నిసార్లు లేవాలో పాపం అన్నిసార్లూ లేచేది. పోటీకి ముందు శుక్రవారం ఉదయభాస్కర్ ఆమె పేరు కింది అంకెలన్నీ చదివి, నన్ను చేతిలో తిప్పుతూ "ఎంతమ్మా?" అన్నాడు. సంతకం కాని సెలవు చీటీ అతని మోచేతి కింద ఉంది.

అలవాటు కొద్దీ నన్ను నొక్కాడు. నాలుగు సెకన్లు.

"రెండు గంటల పదకొండు నిమిషాల నలభై సెకన్లు సార్."

ఆ కూడికకు ఆమెకు ఒక్క సెకను చాలు. మిగతా మూడు సెకన్లూ ఆ చీటీ వంకే చూసింది. "గంటా యాభై తొమ్మిది" అని ఉంటే పట్టుకునే తెలివి అతనికి లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను మాట్లాడలేని వస్తువును. ఆమె మాట్లాడగలదు కదా! అందుకే నాకు కోపం.

సెలవు దొరికింది. సోమవారం రత్నాలు సీటు ఖాళీ. సులోచనకు పోటీలో మూడో బహుమతి వచ్చింది. కంపెనీవాళ్లు ఆమె ఫొటో ముందు హాల్లో పెట్టి, దాని కింద అద్దాల పెట్టెలో నన్ను పడుకోబెట్టారు. "ప్రతి సెకనూ విలువైనదే" అని పైన రాశారు. సులోచన మళ్లీ పోటీలకు వెళ్లలేదు. ఆ హాలు దాటేటప్పుడు తలెత్తేది కాదు.

కొన్ని నెలలకు రత్నాలు చంటిబిడ్డను భుజాన వేసుకుని, పనిచేసినట్టు సర్టిఫికెట్ కోసం ఆ హాల్లోకి వచ్చింది. ఆ కాగితం తెచ్చివ్వమని సులోచననే పంపించారు.

"బహుమతొచ్చిందంట గదా, సంతోసం," అంది రత్నాలు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బిడ్డను రెండో భుజానికి మార్చుకుని, "ఒక్క మాట అడుగుతాను. ఆ వారం నాది మొత్తం ఎంతొచ్చిందే? నాకెవరూ సెప్పనేదు," అంది.

"గుర్తు లేదే," అంది సులోచన.

రోజూ అన్నం మానుకుని తనకు అంకెలు చదివి వినిపించిన మనిషితో అంది ఆ మాట.